జాగా జాజిస్ట్ ‘వాట్ వీ మస్ట్’: సోలో లేని సంగీతాన్ని జాజ్ అనవచ్చునా?

మంద్రస్థాయి

ఈ వేదికలో నార్వే, స్వీడన్ దేశాల జాజ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ నార్వే శాక్సఫోన్ వాద్యకారుడు యాన్ గర్బారెక్ దగ్గర మొదలై స్వీడన్ పియానో వాద్యకారుడు ఎస్‌బ్యోర్న్ స్వెన్సన్ దగ్గర ఆగిపోతోంది. వారిద్దరి నడుమ చోటు దొరకక మిగిలిపోతున్న ఒక వాద్యబృందం గురించి విడిగా మాట్లాడుకుందామని ఈ శీర్షికను ప్రారంభిస్తున్నాను. నార్వేలో ఓస్లో ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ పశ్చిమ తీరాన ఉన్న టోన్స్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో 1994లో పుట్టిన జాగా జాజిస్ట్ ఆ బృందం. లార్స్ హోర్న్‌ట్వేట్, అతని అన్న మార్టిన్, సోదరి లీనే దీనికి మూలస్తంభాలు. బృందం మొదలైనప్పుడు లార్స్ వయసు 14 ఏళ్లే అయినా, నాటి నుంచి నేటి వరకు స్వరరచనలో సింహభాగం అతనిదే. శాక్సఫోన్, బాస్ క్లారినెట్, గిటార్, కీబోర్డు అన్నీ అతనే వాయిస్తాడు. మార్టిన్ డ్రమ్స్ వాయిస్తే, లీనే ట్యూబా, ఫ్లూట్ వాయిస్తుంది. మిగిలిన వారు కాలక్రమంలో మారుతూ వచ్చినా, చాలా ఏళ్ల పాటు వేదిక మీద పదిమంది దాకా కనిపించేవారు.

నా ప్రశ్న 2005లో వచ్చిన ‘వాట్ వీ మస్ట్’ గురించి. అంతకు ముందు వచ్చిన ‘ఎ లివింగ్‌రూమ్ హష్’, ‘ద స్టిక్స్’ ఆల్బంలలో ముక్కలుగా కత్తిరించి అతికినట్లుండే ఎలక్ట్రానిక్ లయలు ప్రధానంగా వినిపిస్తాయి. ఇందులో ఆ యంత్రాలను చాలావరకు పక్కకు జరిపి, గిటార్లను ముందుకు తెచ్చి, ఏడే ఏడు పొడవైన రచనలతో ఒక ఆల్బం తయారు చేశారు. మొదటి రచన ‘ఆల్ ఐ నో ఈజ్ టునైట్’ నుంచి ‘ఓస్లో స్కైలైన్’ మీదుగా ‘స్వీడెన్‌బోర్గ్స్కే రుమ్’ వరకు వింటే, ఒక చిన్న స్వరపంక్తిని నెమ్మదిగా పెంచుతూ, వాద్యం మీద వాద్యం చేర్చుతూ, చివరకు గది నిండిపోయే స్థాయికి తీసుకుపోవడమే వారి పద్ధతి అని తెలిసిపోతుంది. జాజ్ సంప్రదాయంలో సోలో (ఒక్కరే ముందుకు వచ్చి అప్పటికప్పుడు కల్పించి వాయించే భాగం) అనదగినది దాదాపు ఎక్కడా లేదు. ఇది పోస్ట్-రాక్ పద్ధతి అని ఎవరైనా అంటే నేను కాదనను. అయితే దీనిని వింటున్నంతసేపూ జాజ్ వింటున్నానన్న భావనే నాకు కలుగుతుంది. ఆ భావన ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలని ఉంది.

తూర్పుగాలి

మంద్రస్థాయి గారూ, పేరులో జాజ్ ఉన్నందువల్లనే ఆ భావన కలుగుతోందని నా అనుమానం. అదే ఆల్బం నుంచి ట్రంపెట్‌ను, ట్రాంబోన్‌ను తీసివేసి వాటి స్థానంలో మరి రెండు గిటార్లు పెడితే, గ్లాస్గో నుంచో మాంట్రియల్ నుంచో వచ్చిన పోస్ట్-రాక్ ఆల్బం అని అందరూ ఒప్పుకుంటారు. ఊదే వాద్యాలు ఉన్నంత మాత్రాన రాక్ జాజ్ అయిపోదు. జాజ్‌కు ప్రాణం మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడం. అది లేని చోట మిగిలినది ఎంత అందంగా ఉన్నా వేరే పేరుతో పిలవడమే న్యాయం.

కచేరీశ్రోత

తూర్పుగాలి గారి మాటలో బలం ఉన్నా, మనోధర్మం ఒక్కటే కొలబద్ద అంటే నేను ఒప్పుకోలేను. మన కర్ణాటక సంగీతంలోనే కల్పిత సంగీతం, మనోధర్మ సంగీతం అని రెండు విభాగాలు ఉన్నాయి. ఒక కచేరీలో ఆలాపన గాని, కల్పనస్వరాలు గాని లేకుండా త్యాగరాజ కృతిని మాత్రమే పాడి ముగించినా అది కర్ణాటక సంగీతం కాకుండా పోదు. ఎందుకంటే రాగ స్వరూపం, గమకం, సంగతుల అమరిక ఆ కృతిలోనే ఇమిడి ఉంటాయి. మనోధర్మంతో ఒకప్పుడు పుట్టిన అందాలే తరువాతి తరాలలో కృతిలో భాగంగా స్థిరపడిన సందర్భాలూ ఉన్నాయి. అదే విధంగా, దశాబ్దాల జాజ్ సాధనలో పుట్టిన స్వరసమ్మేళనాలు, వాద్యాల కలయికలు లార్స్ రాసిన కాగితంలో ముందే చేరిపోయి ఉండవచ్చు కదా? అమెరికన్ జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ తన బృందం కోసం రాసిన వాటిలో ఎంత భాగం ముందే రాసిపెట్టినదో గుర్తు చేసుకుంటే, రాసిన జాజ్ అన్నది కొత్త సంగతి కాదని తెలుస్తుంది.

అయితే ఒక తేడాను దాచకూడదు. సంగతులలో ఒక పంక్తి పదేపదే వచ్చినా ప్రతిసారీ దాని స్వరగతి పెరుగుతుంది, వంపులు మారతాయి. ‘వాట్ వీ మస్ట్’లో చాలా చోట్ల పంక్తి అలాగే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న ధ్వని మాత్రమే పెరుగుతుంది. ఈ లక్షణం జాజ్ నుంచి వచ్చినది కాదు.

మిక్సింగ్‌బల్ల

ధ్వనిముద్రణ వృత్తిలో ఉన్నవాడిగా ఈ చర్చలోకి మరో వైపు నుంచి వస్తాను. నార్డిక్ జాజ్ అనగానే మంచు, ఫ్యోర్డులు, చీకటి శీతకాలం అని రాసే అలవాటు ప్రపంచవ్యాప్తంగా సమీక్షకులకు ఉంది. ఆ ధ్వనిలో ఉన్న విశాలత్వంలో ఎక్కువ భాగం ప్రకృతి నుంచి కాదు, స్టూడియోలో కూర్చున్న ఒక మనిషి నుంచి వచ్చింది. ఆయన పేరు యాన్ ఎరిక్ కోంగ్స్‌హౌగ్. మాన్‌ఫ్రెడ్ ఐఖర్ 1969లో మ్యూనిక్‌లో ఈసీఎం అనే రికార్డు సంస్థను ప్రారంభించిన తరువాతి ఏడాదే, ఓస్లోలోని బెండిక్సెన్ స్టూడియోలో గర్బారెక్ బృందం ‘ఆఫ్రిక్ పెప్పర్‌బర్డ్’ను రికార్డు చేసింది. అక్కడ మిక్సింగ్ బల్ల దగ్గర ఉన్నది కోంగ్స్‌హౌగ్. 1984లో ఆయన సొంతంగా రెయిన్‌బో స్టూడియో పెట్టారు. 2019లో కన్నుమూసే నాటికి ఈసీఎం ఆల్బంలలో కొన్ని వందలు ఆయన చేతి మీదుగా వెళ్లాయి. మనం కొండల మధ్య ప్రతిధ్వని అనుకునేది చాలావరకు ఒక మూసిన గదిలో వాయించి, తరువాత యంత్రంతో చేర్చిన రివర్బ్.

ఇందులో సాంకేతిక విషయం ఒకటి ఉంది. రివర్బ్ మూడు నాలుగు సెకన్ల పాటు సాగేలా పెట్టినప్పుడు, వేగంగా వాయించే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. అందువల్ల వాద్యకారుడు స్వరాల మధ్య ఖాళీ వదలక తప్పదు. డ్రమ్స్ వాయించేవాడు కిక్ డ్రమ్‌తో తాళం కొట్టడం తగ్గించి సింబల్స్ మీద ఎక్కువ ఆధారపడాలి. నార్వే డ్రమ్మర్ యోన్ క్రిస్టెన్సెన్ వాయించిన తీరు వింటే ఈ మాట అర్థమవుతుంది. అంటే ఆ శైలి, ఆ యంత్రం ఒకదానినొకటి తీర్చిదిద్దుకున్నాయి.

ఇప్పుడు జాగా జాజిస్ట్‌కు వద్దాం. పదిమంది కలిసి వాయించే రచనకు అంత పొడవైన రివర్బ్ పెడితే చెవికి బురద తప్ప ఏమీ అందదు. ఈ ఆల్బం నిర్మాత కోరే వెస్ట్రహైమ్ ఆ దారిలో వెళ్లలేదు. వాద్యాలు శ్రోతకు దగ్గరగా, ఒత్తుగా వినిపిస్తాయి. విశాలత్వం రివర్బ్ నుంచి కాకుండా ఒకే స్వరాన్ని నాలుగు రకాల వాద్యాలు పట్టుకుని నిలపడం నుంచి వస్తుంది. ట్యూబా మీద బాస్ క్లారినెట్, దాని మీద ట్రాంబోన్, ఆపైన గిటార్ నిలిపిన స్వరం. మంద్రస్థాయి గారికి కలిగిన జాజ్ భావనకు సగం కారణం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. ఊదే వాద్యాలను ఇలా పేర్చడం జాజ్ ఆర్కెస్ట్రాలలో పెరిగిన చెవికే సాధ్యం. గిటార్లతో మాత్రమే పని చేసే బృందాలు ఆ పనిని పెడల్స్‌తో (కాలితో నొక్కి గిటార్ ధ్వనిని మార్చే పరికరాలతో) చేస్తాయి. వినడానికి దగ్గరగా ఉన్నా, ఊపిరితో నిలిపిన స్వరం చివరలో వచ్చే సన్నని వణుకు వాటికి రాదు. తూర్పుగాలి గారు చెప్పినట్టు ఊదే వాద్యాలను తీసి గిటార్లు పెడితే, మిగిలేది ఇదే ఆల్బం కాదు.

కొత్తచెవి

చర్చకు అడ్డు వస్తున్నందుకు మన్నించండి. నాకు జాజ్ గురించి గాని, పోస్ట్-రాక్ గురించి గాని పెద్దగా తెలియదు. పోస్ట్-రాక్ అంటే ఖచ్చితంగా ఏమిటి? రాక్ తరువాత వచ్చినదనా?

మంద్రస్థాయి

కొత్తచెవి గారూ, అడ్డు ఏమీ లేదు. ఆ పేరును 1994లో ప్రచారంలోకి తెచ్చినది సైమన్ రెనాల్డ్స్ అనే బ్రిటిష్ విమర్శకుడు. రాక్ వాద్యాలనే ఉపయోగిస్తూ, వాటితో రాక్ చేసే పనులు కాకుండా వేరే పనులు చేసే బృందాలను దృష్టిలో పెట్టుకుని ఆయన ఆ మాట వాడారు. గిటార్‌తో రిఫ్‌లు (పదేపదే వచ్చే చిన్న స్వరపంక్తులు) వాయించకుండా నాదపు రంగు, అల్లిక సృష్టించడం ఆ పనుల్లో ముఖ్యమైనది. టాక్ టాక్ బృందం 1988లో చేసిన ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’, 1991లో చేసిన ‘లాఫింగ్ స్టాక్’ ఆ దారికి ముందుగుర్తులని చాలామంది అంటారు. తరువాత ఆ పేరు క్రమంగా సన్నబడి, నెమ్మదిగా మొదలై భారీగా ముగిసే గిటార్ సంగీతానికి మాత్రమే వర్తించేలా తయారైంది. అది ఆ పేరుకు జరిగిన అన్యాయమని నేను భావిస్తాను, కాని ఇప్పుడు దానిని వెనక్కు తిప్పలేం.

1994లోనే జాగా జాజిస్ట్ పుట్టింది, ఐస్‌లాండ్‌లో సిగుర్ రోస్ పుట్టింది, హిల్లియర్డ్ ఎన్సెంబుల్ గాయకులతో గర్బారెక్ చేసిన ‘ఒఫీషియం’ వెలువడింది. కాకతాళీయమే అయినా, ఒకే ఏడాదిలో ఈ నాలుగు దారాలూ కనబడటం నాకు సరదాగా అనిపిస్తుంది.

ఓస్లోవాసి

నేను కొన్నేళ్లుగా ఓస్లోలో ఉంటున్నాను కాబట్టి, ఇలాంటి బృందం ఇక్కడే ఎందుకు నిలదొక్కుకుందో చెప్పాలనిపించింది. పదిమంది ఉన్న వాద్యబృందాన్ని ఊరూరా తిప్పడం వ్యాపార దృష్టితో చూస్తే తెలివితక్కువ పని. ప్రయాణం, బస, వాద్యాల రవాణా ఖర్చులు పోగా ఒక్కొక్కరికి మిగిలేది స్వల్పం. నార్వేలో 1965 నుంచి పని చేస్తున్న కళామండలి ద్వారా బృందాలకు, రచనలకు, పర్యటనలకు ప్రభుత్వ సహాయం అందుతుంది. మోల్డే పట్టణంలో జాజ్ ఉత్సవం 1961 నుంచి జరుగుతోంది. ట్రోండ్‌హైమ్‌లోని సంగీత కళాశాలలో 1979 నుంచి జాజ్‌కు ప్రత్యేక శిక్షణ ఉంది. అక్కడ చదివినవారు ఏ శైలికీ కట్టుబడకుండా అన్ని రకాల బృందాలలోనూ కనిపిస్తారు. పాఠశాల పిల్లలతో నడిచే బ్యాండ్లు దాదాపు ప్రతి ఊరిలోనూ ఉంటాయి కాబట్టి ట్యూబా, ట్రాంబోన్ వాయించే యువకులు దొరకడం కష్టం కాదు. ఒక రాక్ బృందానికి ట్యూబా వాయించే సభ్యురాలు ఉండటం మనకు వింతగా తోచవచ్చు, కాని ఇక్కడివారికి అందులో వింత ఏమీ లేదు.

ఓస్లోలో ఆకెర్స్ నది ఒడ్డున పాత కర్మాగార భవనంలో 1998లో ‘బ్లో’ అనే క్లబ్ మొదలైంది. ఒకే వారంలో జాజ్, ఎలక్ట్రానిక్, రాక్, శబ్దప్రయోగాలు అన్నీ ఒకే వేదిక మీద జరిగే చోటు అది. నిల్స్ పేటర్ మొల్వేర్ 1997లో ‘ఖ్మేర్’ ఆల్బంతో ట్రంపెట్‌ను యంత్రలయల మధ్యకు తెచ్చిన తరువాత, ఈ కలగలుపు ఇక్కడి శ్రోతలకు మామూలు విషయమైంది. జాగా జాజిస్ట్ ఆ గాలి పీల్చి పెరిగిన బృందం. ఇది జాజా, రాకా అన్న ప్రశ్న ఇక్కడ పెద్దగా ఎవరూ వేయరు. వేయకపోవడం మంచిదో కాదో మీరే చెప్పాలి.

తూర్పుగాలి

ఓస్లోవాసి గారు వివరించిన వ్యవస్థ ఒక బృందం ఎలా బతికిందో చెబుతుంది, ఆ సంగీతం ఎలా ఉందో చెప్పదు. నా అభ్యంతరాన్ని ఈసారి వివరంగా రాస్తాను.

ఈ బృందం చేసిన ఉత్తమమైన పని ‘ఎ లివింగ్‌రూమ్ హష్’ అని నా నమ్మకం. 2002 సంవత్సరపు ఉత్తమ జాజ్ ఆల్బంగా బీబీసీ దానిని ఎంపిక చేసింది. ఆ ఎంపికను నేను ప్రమాణంగా చూపడం లేదు, ఆ సంగీతాన్నే చూపుతున్నాను. నిర్మాత యోర్గెన్ ట్రేన్‌తో కలిసి వారు తయారు చేసిన ఆ ధ్వనిలో మార్టిన్ డ్రమ్స్‌కూ యంత్రలయకూ మధ్య నిరంతరం ఒక పోటీ నడుస్తుంది. ‘యానిమల్ చిన్’ వినండి. మనిషి వాయిస్తున్నాడా, యంత్రం వాయిస్తోందా తెలియని వేగం మీద ఊదే వాద్యాలు నింపాదిగా తమ పంక్తిని చెప్పుకుపోతాయి. రెండు వేర్వేరు కాలాలు ఒకే రచనలో నడుస్తున్నట్టు ఉంటుంది. తరువాత ఏ క్షణాన ఏమి జరుగుతుందో ఊహించలేం. మనోధర్మం లేకపోయినా, మనోధర్మం ఉన్నప్పుడు శ్రోతలో ఉండే ఆ అప్రమత్తత ఇక్కడ ఉంది.

‘వాట్ వీ మస్ట్’లో ఆ అప్రమత్తత పోయింది. రెండు నిమిషాలు వినేసరికి మిగిలిన ఐదు నిమిషాలు ఎటు పోతాయో తెలిసిపోతుంది. ఎక్కుతుంది, ఇంకా ఎక్కుతుంది, విరుచుకుపడుతుంది. పోస్ట్-రాక్ నుంచి వారు నేర్చుకున్నది సహనం అని మీరనవచ్చు. నేర్చుకున్నది ఒక మూస అని నేనంటాను. ఆ మూసను పదిమంది నిపుణులు నింపారు కాబట్టి అందంగా ఉంది. అంతే.

మిక్సింగ్‌బల్ల

తూర్పుగాలి గారి విమర్శ ‘ఓస్లో స్కైలైన్’కు చాలావరకు వర్తిస్తుంది. ఆ రచన మొదటి నుంచే భారీగా ఉండి, ఇంకా భారీ కావడానికి చోటు లేక అక్కడక్కడే తిరుగుతుంది. ‘స్వీడెన్‌బోర్గ్స్కే రుమ్’కు మాత్రం ఆ విమర్శ వర్తించదు. అందులో మాటలు లేని గొంతులు వాద్యాల మధ్య కలిసిపోయి, ఏది గొంతో ఏది ట్రంపెట్టో విడదీయలేని స్థితి వస్తుంది. అక్కడ పెరిగేది ధ్వని పరిమాణం ఒక్కటే కాదు, ధ్వని స్వభావం కూడా మారుతుంది. దీనిని ఫోన్ స్పీకర్‌లో విని తీర్పు చెప్పవద్దని కొత్తవారికి నా మనవి. మంద్రంలో ట్యూబా చేస్తున్న పని అందులో పూర్తిగా మాయమవుతుంది. హెడ్‌ఫోన్స్ అయినా పెట్టుకోండి.

వైబ్స్‌మనిషి

చాలా రోజులుగా ఈ వేదికను చదువుతున్నా రాయడం ఇదే మొదటిసారి. నేను అభిరుచి కోసం వైబ్రఫోన్ (లోహపు పట్టీలను కర్రలతో కొట్టి వాయించే వాద్యం) సాధన చేస్తున్నాను. జాజ్, పోస్ట్-రాక్ కలిసిన స్థలాన్ని వెదకాలంటే ఈ వాద్యం వెంట వెళ్లడం మంచి దారి. షికాగో బృందం టార్టాయిజ్ 1996, 1998 సంవత్సరాలలో చేసిన ఆల్బంలలో వైబ్రఫోన్, మరింబా ఎంత ముఖ్యమో మీకు తెలుసు. లయవాద్యమూ స్వరవాద్యమూ రెండూ తానే కాబట్టి, ఒకే స్వరాల గుచ్ఛాన్ని తిప్పితిప్పి వాయిస్తూ దాని మీద మిగిలిన వారిని నడిపించడానికి అది సరిపోతుంది. జాగా జాజిస్ట్‌లో ఆండ్రియాస్ మ్యోస్ అదే పని చేస్తాడు. అందరూ ట్రంపెట్‌ను మెచ్చుకుంటారు గాని, నా లెక్కలో ఆ బృందపు కీలు అతని దగ్గర ఉంది.

ఇది పోలిక చూసి ఊహించిన సంబంధం మాత్రమే కాదు. 2010లో వచ్చిన ‘వన్-ఆర్మ్‌డ్ బాండిట్’ను మిక్సింగ్ చేసినది టార్టాయిజ్ సభ్యుడు జాన్ మెకెంటైరే. ఆ ఆల్బంలోని ‘టొకాటా’లో పునరావృత్తమయ్యే స్వరగుచ్ఛం మీద ఊదే వాద్యాలు అంచెలంచెలుగా చేరే తీరు వింటే, కొద్ది స్వరాలనే మళ్లీమళ్లీ తిప్పి రచన చేసే అమెరికన్ మినిమలిస్టుల ప్రభావం, పోస్ట్-రాక్ ఓపిక, జాజ్ ఆర్కెస్ట్రా నాదం మూడూ ఒకేచోట కనబడతాయి. ‘వాట్ వీ మస్ట్’లో మూస అనిపించినది ఇక్కడ మూసగా లేదని తూర్పుగాలి గారు కూడా ఒప్పుకుంటారని ఆశ. అందులో స్వరం పెరగడంతో పాటు లయలో ఒత్తులు పడే చోట్లు కూడా మారుతుంటాయి.

కచేరీశ్రోత

వైబ్స్‌మనిషి గారికి స్వాగతం. మీరు చెప్పిన ‘టొకాటా’ను ఇప్పుడే మళ్లీ విన్నాను. తాళం లెక్క పెట్టే అలవాటున్న మన శ్రోతలకు ఇది ఈ బృందంలోకి ప్రవేశించడానికి సులువైన వాకిలి.

నార్వే జాజ్‌కు మన దేశంతో నేరుగా ఉన్న సంబంధాన్ని కూడా ఇక్కడ నమోదు చేయాలి. గర్బారెక్ 1980లలో వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ ఆల్బంలలో వాయించారు. వాటిలో 1985లో వచ్చిన ‘సాంగ్ ఫర్ ఎవ్రీవన్’లో జాకిర్ హుస్సేన్, త్రిలోక్ గుర్తు కూడా ఉన్నారు. జాకిర్ హుస్సేన్ 1987లో చేసిన ‘మేకింగ్ మ్యూజిక్’లో హరిప్రసాద్ చౌరాసియా వేణువు పక్కన గర్బారెక్ శాక్సఫోన్ వినిపిస్తుంది. పాకిస్తాన్ గాయకుడు ఉస్తాద్ ఫతే అలీ ఖాన్‌తో కలిసి ‘రాగాస్ అండ్ సాగాస్’ 1992లో వెలువరించారు. ఈ ఆల్బంలలో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, గర్బారెక్ రాగాన్ని అనుకరించడానికి ప్రయత్నించరు. తన ఒక్క పొడవాటి స్వరాన్ని నిలిపి ఉంచి, పక్కవారికి చోటు ఇస్తారు. జాగా జాజిస్ట్‌కు ఈ సంప్రదాయంతో నేరుగా సంబంధం లేదు. అయితే స్వరాన్ని నిలపడంలోని ఆ నమ్మకం తరువాతి తరానికి గర్బారెక్ నుంచే అందిందని నా అభిప్రాయం. ఈ బృందంలో చాలాకాలం ట్రంపెట్ వాయించిన మథియాస్ ఐక్ తన సొంత పేరుతో ఈసీఎంలో చేసిన ‘ద డోర్’, ‘మిడ్‌వెస్ట్’ ఆల్బంలు వింటే ఆ వారసత్వం స్పష్టంగా తెలుస్తుంది. అదే మనిషి, అదే ఊపిరి. ఒకచోట పదిమందిలో ఒకడు, మరొకచోట ఖాళీ గదిలో ఒంటరి.

మంద్రస్థాయి

ఐక్ ప్రస్తావన సమయానికి వచ్చింది. అయితే గర్బారెక్ కంటే ముందు తలచుకోవలసిన పేరు ఇంకొకటి ఉంది. అది టేరియే రిప్డాల్. ఆయన వాన్‌గార్డ్స్ అనే రాక్ బృందంలో గిటార్ వాయించి, తరువాత అమెరికన్ జాజ్ స్వరకర్త జార్జ్ రసెల్ ప్రభావంతో జాజ్ వైపు వచ్చారు. అంటే రాక్ చేతితోనే జాజ్‌లోకి ప్రవేశించారు. వాల్యూమ్ పెడల్‌తో స్వరం మొదలయ్యే మీటును చెరిపివేసి, గిటార్‌ను విల్లుతో వాయించే వాద్యంలాగా పొడవుగా నిలిపే ఆయన పద్ధతి 1975 నాటి ‘ఒడిస్సీ’లో వినవచ్చు. పోస్ట్-రాక్ అన్న మాట పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందు, గిటార్‌ను నాదపు రంగు కోసం మాత్రమే వాడిన నార్వే దేశస్థుడు ఆయన. కాబట్టి 2005లో జాగా జాజిస్ట్ గిటార్లను ముందుకు తెచ్చినప్పుడు, గ్లాస్గో నుంచో మాంట్రియల్ నుంచో అరువు తెచ్చుకున్నారని అనడం సగం నిజమే. మిగిలిన సగం వారి ఇంటిలోనే ఉంది.

తూర్పుగాలి

రిప్డాల్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే రిప్డాల్ మనోధర్మంతో వాయిస్తారు, నా వాదన అక్కడే ఉంది. జాజ్‌ను వదులుకోకుండానే పోస్ట్-రాక్ విస్తృతిని అందుకోవచ్చని నిరూపించిన బృందం ఎస్‌బ్యోర్న్ స్వెన్సన్ ట్రయో. స్వెన్సన్ పియానో, మాగ్నస్ ఓస్ట్రోమ్ డ్రమ్స్, డాన్ బెర్గ్‌లుండ్ బాస్. బెర్గ్‌లుండ్ డబుల్ బాస్‌ను విల్లుతో లాగుతూ, ఆ ధ్వనిని డిస్టార్షన్ పెడల్ గుండా పంపినప్పుడు వచ్చే గర్జనకు ఏ రాక్ గిటారూ సరితూగదు. 2007 జనవరిలో సిడ్నీలోని ఒక స్టూడియోలో ముగ్గురూ రెండు రోజుల పాటు అప్పటికప్పుడు పుట్టించి వాయించిన సంగీతమే ‘ల్యూకోసైట్’. 2008 జూన్‌లో స్వెన్సన్ స్కూబా డైవింగ్ ప్రమాదంలో మరణించిన తరువాత ఆ ఆల్బం వెలువడింది. అందులో కూడా నెమ్మదిగా మొదలై విరుచుకుపడే నిర్మాణమే ఉంది. కాని ఆ పెరుగుదల ముగ్గురు మనుషులు ఒకరినొకరు వింటూ తీసుకున్న నిర్ణయాల వల్ల వచ్చింది. ఎక్కడ ఆగుతారో వారికీ తెలియదు, మనకూ తెలియదు.

వైబ్స్‌మనిషి

ముగ్గురికి సాధ్యమైనది పదిమందికి సాధ్యం కావాలని కోరడం న్యాయమా? నలుగురితో అది సాధించిన నార్వే బృందం సూపర్‌సైలెంట్ ఉంది. వారు సాధన చేయరు, వాయించబోయేది ముందుగా చర్చించరు, రచనలకు పేర్లు కూడా పెట్టకుండా అంకెలు మాత్రమే ఇస్తారు. 2003లో వచ్చిన ‘6’ అనే ఆల్బం వినేటప్పుడు, రాసిపెట్టిన సంగీతం కాదని నమ్మడం కష్టం. అంతకు మించి సంఖ్య పెరిగితే, పదిమందీ ఒకేసారి పెరిగి ఒకేసారి తగ్గాలంటే కాగితం కావాలి.

తూర్పుగాలి

అందుకే పదిమంది అవసరమా అని అడుగుతున్నాను.

మంద్రస్థాయి

అవసరమే. మిక్సింగ్‌బల్ల గారు చెప్పిన ఊదే వాద్యాల పేర్పు ముగ్గురితో జరగదు. తూర్పుగాలి గారు కోరేది నిర్ణయం పుట్టే క్షణాన్ని వినడం. లార్స్ ఇచ్చేది, ఆ నిర్ణయాలన్నీ ముందే తీసుకున్న తరువాత మిగిలే నాదంలోని సాంద్రత. రెండూ జాజ్ నుంచే వచ్చాయి. మొదటిది వేదిక మీది జాజ్, రెండవది స్వరరచయిత మేజా మీది జాజ్. ఎలింగ్టన్ గురించి కచేరీశ్రోత గారు రాసినదే నాకు సమాధానంగా తోస్తోంది. పోస్ట్-రాక్ ఇందులో చేసిన పని వేరు. అది ఈ సాంద్రతకు సమయాన్ని ఇచ్చింది. మూడు నిమిషాల్లో ముగించకుండా, ఒక స్వరగుచ్ఛాన్ని ఎనిమిది నిమిషాల పాటు భరించే ధైర్యాన్ని ఇచ్చింది. ఎనిమిది నిమిషాలూ అవసరమా అన్న విమర్శ మాత్రం ఏడు రచనల్లో రెండింటికి నిలుస్తుంది.

మిక్సింగ్‌బల్ల

ఈ వాదనకు ‘పిరమిడ్’ను కూడా చేర్చాలి. 2015 నాటి ‘స్టార్‌ఫైర్’ను వారు చాలాకాలం పాటు పొరలుపొరలుగా చెక్కారు. 2020లో లాస్ ఏంజెలెస్ సంస్థ బ్రెయిన్‌ఫీడర్ ద్వారా వచ్చిన ‘పిరమిడ్’ను మాత్రం స్వీడన్ అడవిలోని ఒక స్టూడియోలో రెండు వారాలలో, బయటి నిర్మాత లేకుండా తామే పూర్తి చేశారు. నాలుగే రచనలు. మొదటిది జపాన్ సింథసైజర్ స్వరకర్త ఇసావో తోమితా పేరు మీద పదమూడు నిమిషాలకు పైగా సాగుతుంది. అందులో విశాలత్వం ఉంది, ‘వాట్ వీ మస్ట్’ నాటి ఎక్కుడు మెట్ల నిర్మాణం లేదు. భాగం నుంచి భాగానికి సింథసైజర్ నడిపిస్తుంది. ఒకే గదిలో కలిసి వాయించినప్పుడు వచ్చే చిన్న చిన్న అసమానతలను వారు తుడిచివేయలేదు. తూర్పుగాలి గారు అడిగిన అప్రమత్తత పదిహేనేళ్ల తరువాత మరో దారిలో తిరిగి వచ్చిందని నాకు తోస్తోంది.

తూర్పుగాలి

‘పిరమిడ్’ను ఇంతవరకు ఆ దృష్టితో వినలేదు. ఈ వారాంతంలో మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా వింటాను. ‘వాట్ వీ మస్ట్’ మీద నా తీర్పు మాత్రం మారలేదు.

కొత్తచెవి

ఇంత చదివిన తరువాత ఏ వరుసలో వినాలో ఎవరైనా చెబితే బాగుంటుంది.

వైబ్స్‌మనిషి

‘టొకాటా’తో మొదలుపెట్టండి. తరువాత ‘యానిమల్ చిన్’, ఆ తరువాత ‘స్వీడెన్‌బోర్గ్స్కే రుమ్’, చివరగా ‘తోమితా’. ఈ నాలుగూ నచ్చితే ఆల్బంలు పూర్తిగా వినండి. నచ్చకపోతే మథియాస్ ఐక్ ‘మిడ్‌వెస్ట్’ వైపు వెళ్లండి.

మంద్రస్థాయి

ఆ వరుసకు ఒకటి జోడిస్తాను. ‘వాట్ వీ మస్ట్’లోని కొన్ని రచనల తొలి రూపాలు ‘ద స్పైడెబెర్గ్ సెషన్స్’ పేరుతో విడిగా దొరుకుతాయి. రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి వింటే, వెస్ట్రహైమ్ చేతిలో పడ్డాక ఏ పొర ఎక్కడ చేరిందో తెలుసుకోవచ్చు. తూర్పుగాలి గారు ‘పిరమిడ్’ విన్న తరువాత ఏమనిపించిందో ఇక్కడే రాయవలసిందిగా కోరుతున్నాను. ‘ల్యూకోసైట్’ గురించి మాట్లాడవలసినది ఇంకా చాలా ఉంది కాబట్టి దానికి వేరే శీర్షిక తెరవడం మంచిది.